బ్లూస్ ఏడుపు పాటేనా?

పటాన్‌చెరులో మేము కొద్దిమందిమి నెలకొకసారి కూర్చుని పుస్తకాలూ పాటలూ చర్చించుకుంటాం. ఈమధ్య ఒక కూడికలో నేను మడ్డీ వాటర్స్ పాట వినిపించాను. పాట అయిపోయాక ఒక మిత్రుడు "బాగానే ఉంది గానీ అన్నా, ఇది ఏడుపు పాట. తిరగబడమని చెప్పదు. మనకెందుకిది?" అన్నాడు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ముప్పయ్యేళ్ళు కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి, సంగీతశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. అయినా ఆ ప్రశ్న తేలిగ్గా వదిలేయదగ్గది కాదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బ్లూస్ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో, ముఖ్యంగా మిసిసిపీ పత్తి పొలాల మధ్య, పందొమ్మిదో శతాబ్ది చివర రూపుదిద్దుకుంది. 1865లో రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది గానీ భూమి ఇవ్వలేదు. విడుదలైన నల్లజాతి ప్రజలు పాత యజమానుల పొలాల్నే పాలుకు చేశారు. విత్తనాలకూ తిండిగింజలకూ దొర దుకాణంలో అప్పు; పంట చేతికొచ్చాక లెక్క చూస్తే ఇంకా అప్పే. మెదక్ జిల్లాలో జీతగాళ్ళ బతుకు తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

బానిసత్వం నాటి శ్రమ పాట సామూహికం. ఒకరు ఎత్తుకుంటే గుంపు అందుకునేది, మన నాట్లలో లాగే. బ్లూస్‌లో గుంపు లేదు. ఒక మనిషి, ఒక గిటారు. అతనొక మాట అంటాడు. అదే మాట మళ్ళీ అంటాడు. మూడో పంక్తిలో దానికి జవాబో, వెక్కిరింపో చెబుతాడు. ప్రతి పంక్తీ తనకున్న వ్యవధిలో సగమే వాడుకుంటుంది. మిగతా సగంలో గిటారు బదులు పలుకుతుంది. గుంపు పోయిన ఖాళీలో గిటారు వచ్చి కూర్చుందన్నమాట. గాంధార నిషాదాల్ని కాస్త దించి, పియానో మెట్ల మీద దొరకని చోట స్వరాన్ని జారుస్తారు. చట్టం దృష్టిలో స్వతంత్రుడై, బతుకులో ఒంటరివాడైన మనిషి పాట ఇది. 1963లో లీరాయ్ జోన్స్ రాసిన 'బ్లూస్ పీపుల్' ఈ మార్పునే చరిత్రగా వివరించింది.

మడ్డీ వాటర్స్ మిసిసిపీలో స్టోవాల్ వారి తోటలో ట్రాక్టరు తోలేవాడు. 1941లో అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వర్క్ వెళ్ళి అతని పాటలు రికార్డు చేశారు. 1943లో కూలి గంటకు 22.5 సెంట్ల నుంచి 25కు పెంచమని అడిగాడు. పెంచలేదు. రైలెక్కి చికాగో వెళ్ళిపోయి కాగితపు మిల్లులో పనిచేశాడు. మరుసటి ఏడాదే, 1944 అక్టోబరులో, దగ్గరలోని హాప్సన్ తోటలో పత్తి తీసే యంత్రాన్ని జనం ముందు నడిపి చూపించారు. మనుషులతో తీయిస్తే బేలుకు 39.41 డాలర్లు, యంత్రంతో 5.26 డాలర్లు! ఈ రెండంకెలు చదివితే చాలు, ఆ ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయో అర్థమవుతుంది. 1910 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షలమంది నల్లజాతి ప్రజలు దక్షిణాన్ని వదిలిపోయారు. చికాగో బార్ల రొదలో వట్టి గిటారు వినపడదు. అందుకే మడ్డీ వాటర్స్ కరెంటు గిటారు పట్టాడు. రూపాన్ని మార్చింది శిల్పవ్యామోహం కాదు, కార్మికవాడ రొద.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1958లో మడ్డీ ఇంగ్లండు వెళ్ళాడు. అతని పాట పేరునే తమకు పెట్టుకున్న రోలింగ్ స్టోన్స్ లోకప్రసిద్ధులయ్యారు. మాలీ దేశంలో నైజర్ నది ఒడ్డున సేద్యం చేసుకునే అలీ ఫర్కా తూరే తన సంగీతాన్ని బ్లూస్ అంటే ఒప్పుకునేవాడు కాదు, వేరు ఆఫ్రికాదే అనేవాడు. షిల్లాంగ్‌లో సోల్‌మేట్ బృందం 2003 నుంచి బ్లూస్ పాడుతోంది. ముంబైలో 2011లో మహీంద్రా పేరుతో బ్లూస్ ఉత్సవమే మొదలైంది. ఆ కంపెనీ ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లో తయారవుతాయి. ట్రాక్టరు తోలి గిట్టక ఊరొదిలిన మనిషి సంగీతం ట్రాక్టరు కంపెనీ వేదికెక్కడం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా అనిపించింది. పునరుద్ధరణ అంటే వేదికల లెక్కేనా?

ఇక మిత్రుడి మాట. బ్లూస్ ఎప్పుడూ తిరగబడలేదనడం చరిత్ర తెలియక అన్నమాట. వాషింగ్టన్‌లో తన రంగు చూసి బస ఇవ్వని అనుభవం మీద లెడ్‌బెల్లీ కట్టిన పాట పేరులోనే 'బూర్జువా' ఉంది, 1938లో రికార్డయింది. కానీ నేను ఆ ఒక్క పాటను అడ్డం పెట్టుకుని వాదించను. దుఃఖాన్ని చెప్పిన పాటలే బ్లూస్‌లో ఎక్కువ. మిసిసిపీలోనే పుట్టిన నవలాకారుడు రిచర్డ్ రైట్, 1960లో పాల్ ఆలివర్ పుస్తకానికి ముందుమాట రాస్తూ, ఇంత ఓటమి నిండిన ఈ పాటలు స్వభావరీత్యా నిరాశావాదం కావని అన్నాడు. జరిగినదాన్ని జరిగినట్టు, తన నోటితో, నలుగురి ముందు చెప్పగలగడం లొంగిపోవడం కాదు. గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చింది. వృత్తులు ఒక్కొక్కటిగా ఎట్లా కూలాయో అందులో ఉంది. దాన్ని ఏడుపు పాట అని మనమెవరమైనా పక్కన పెట్టామా?

మా అమ్మ నారాయణఖేడ్ వైపు జొన్నచేలలో కలుపు తీస్తూ పాడేది. చేయి ఎంత వేగంగా ఆడాలో పాటే నిర్ణయించేది. నేను కార్ఖానాకొచ్చాక ఆ పని యంత్రం తీసుకుంది. పంపుల హోరులో పక్కవాడి మాటే వినపడదు, ఇక పాటెక్కడ? పాట షిఫ్టు దిగి గదికి చేరింది. ఇప్పుడు పాశమైలారం, బొల్లారం గదుల్లో ఉండేది ఎక్కువగా బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోతే వాళ్ళలో చాలామంది ఇలాంటి వలస కార్మికులే. ఆ గదుల్లో రాత్రిళ్ళు సెల్‌ఫోన్లలో వినిపించే భోజ్‌పురి పాటల్లో బిదేసియా బాణీలూ ఉంటాయి. పొట్టచేత పట్టుకుని కలకత్తా పోయిన మగడి కోసం ఎదురుచూసే ఇల్లాలి కథను భిఖారీ ఠాకూర్ నాటకంగా ఆడించిన బాణీ అది. ఆయన 1971లో పోయాడు. బాణీ మాత్రం కూలీల వెంట మన దాకా వచ్చింది.

మొన్న మా వీధి చివరి గదిలో ఉండే ఛప్రా కుర్రాడికి అదే మడ్డీ వాటర్స్ పాట వినిపించాను. ఇంగ్లీషు అతనికీ రాదు. అన్నం గిన్నె పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. విని, "చాచా, ఈయన ఊరొదిలి ఎన్నేళ్ళయింది?" అని అడిగాడు.