స్క్వాడ్ బలం ఎక్కడుంటుంది? హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు కొట్టిన సీజన్ చెప్పే పాఠం

రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఏది బలమైనదో మనం ఎలా తేలుస్తాం? మామూలుగా పెద్ద పేర్లు లెక్కపెడతాం. ఎవరి దగ్గర ఖరీదైన స్ట్రైకర్ ఉంటే వాళ్ళదే టైటిల్ అంటాం. ఈ ఎపిసోడ్‌లో ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. దానికి ఇండియన్ సూపర్ లీగ్ 2021-22 సీజన్ తీసుకుంటున్నాను.

ఈ సీజనే ఎందుకంటే, కోవిడ్ వల్ల మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయి. సొంత జనం అనే లాభం లీగ్ దశలో ఎవరికీ లేదు. కాబట్టి స్క్వాడ్‌నీ కోచ్‌నీ పోల్చడానికి ఇంతకంటే మంచి సీజన్ దొరకదు. ఇంకో సంగతి. ఆ ఏడాది రూల్ మారింది. గ్రౌండ్‌లో విదేశీ ఆటగాళ్ళు నలుగురికి మించకూడదు. అంటే పదకొండు మందిలో కనీసం ఏడుగురు భారతీయులే ఉండాలి. ఈ ఏడు అనే అంకె గుర్తుపెట్టుకోండి.

ముందు జంషెడ్‌పూర్. కోచ్ ఓవెన్ కోయిల్. ఆయన ఆట సూటిగా ఉంటుంది. బంతి త్వరగా ముందుకు వెళ్ళాలి, ఫ్రీకిక్కులూ కార్నర్లూ వృథా కాకూడదు. మధ్యలో గ్రెగ్ స్టీవర్ట్ 10 గోల్స్ కొట్టి, 10 కొట్టించాడు. జనవరిలో చిమా వచ్చి గోల్స్ మీద గోల్స్ వేశాడు. వరసగా ఏడు మ్యాచులు గెలిచి, 20 మ్యాచుల్లో 43 పాయింట్లతో లీగ్ షీల్డ్ పట్టుకెళ్ళారు.

తర్వాత ఏటీకే మోహన్ బగాన్. కాగితం మీద చూస్తే ఇదే అందరికంటే ఖరీదైన జట్టులా కనిపిస్తుంది. రాయ్ కృష్ణ, డేవిడ్ విలియమ్స్, హ్యూగో బుమూ, పైగా హైదరాబాద్ నుంచి కొనుక్కున్న లిస్టన్ కొలాసో. కానీ సీజన్ మధ్యలో కోచ్ మారాడు. హబాస్ డిఫెన్స్ కట్టుదిట్టం చేసి, అవకాశం కోసం కాచుకునే మనిషి. ఆయన స్థానంలో వచ్చిన ఫెరాండో బంతి తమ దగ్గరే ఉండాలనే మనిషి. అదే స్క్వాడ్ సీజన్ మొదట్లో ఒక రకంగా, ఆ తర్వాత ఇంకో రకంగా ఆడాల్సి వచ్చింది. అయినా 37 పాయింట్లు తెచ్చుకున్నారంటే ఆటగాళ్ళ సత్తా అర్థమవుతుంది.

మూడోది కేరళ బ్లాస్టర్స్. ముందు ఏడాది పదకొండు జట్లలో పదో స్థానం. ఇవాన్ వుకొమనోవిచ్ వచ్చి, ముందు లూనా, వాజ్‌క్వెజ్, డియాజ్‌లను పెట్టి, ప్రత్యర్థి మీద పైపైనే ఒత్తిడి తెచ్చే ఆట నేర్పాడు. సహల్, జీక్సన్, గోల్ కీపర్ గిల్ లాంటి కుర్రాళ్ళు పైకొచ్చారు. 34 పాయింట్లతో నాలుగో స్థానం.

ఇక మన హైదరాబాద్. 2019-20లో, అంటే మొదటి సీజన్‌లో, 18 మ్యాచుల్లో రెండే గెలుపులు, ఆఖరి స్థానం. 2020లో మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. ఆయన పెట్టుబడంతా ఆ ఏడుగురి మీదే. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ అనే ఇద్దరు కుర్రాళ్ళను ఫుల్‌బ్యాక్‌లుగా పెట్టి, తప్పు చేసినా మార్చకుండా ఆడించారు. యాసిర్, నిఖిల్ పూజారిలకీ అంతే. ముందు ఒగ్బెచే ఉన్నాడు, 18 గోల్స్ కొట్టాడు, కాదనను. కానీ ఆ స్థాయి విదేశీయుడు మిగతా వాళ్ళ దగ్గరా ఉన్నాడు కదా! నలుగురికి నలుగురు సరిపోతే, తేడా చూపించేది మిగిలిన ఏడుగురే. హైదరాబాద్ 38 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది. సెమీస్‌లో మోహన్ బగాన్‌ను రెండు మ్యాచులూ కలిపి 3-2తో దాటింది.

2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళతో ఫైనల్. రెండు జట్లదీ పసుపు రంగే. లీగ్‌లో పైన ఉన్నందుకు ఆ రంగు హైదరాబాద్‌కి దక్కింది, స్టాండ్స్ నిండా మాత్రం కేరళ పసుపే. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్ళింది. 88వ నిమిషంలో బెంచ్ మీంచి వచ్చిన సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది. ఇద్దరూ భారతీయులే, అందులో ఒకడు మొదటి పదకొండు మందిలో కూడా లేడు. స్క్వాడ్ బలం అంటే అదండీ.

మరి అంత బాగా కట్టిన జట్టు ఏమైంది? మార్కెజ్ 2023లో ఎఫ్‌సీ గోవాకు వెళ్ళిపోయారు. రాయ్, మిశ్రా పెద్ద క్లబ్బులకు వెళ్ళారు. జీతాల బకాయిల గొడవతో మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. 2023-24లో 22 మ్యాచులకు ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

కాబట్టి ఈసారి రెండు క్లబ్బుల్ని పోల్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పెద్ద పేర్లు పక్కన పెడితే మిగిలిన ఏడుగురు ఎలాంటివాళ్ళు? కోచ్ ఆడించే ఆటకు వాళ్ళు సరిపోతారా? వాళ్ళను నిలబెట్టుకునే శక్తి యాజమాన్యానికి ఉందా? మొదటి రెండింటికీ మార్కెజ్ జవాబు చూపించారు. మూడోదానికి జవాబు లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. కప్పు గెలిచిన ఊళ్ళో ఇవాళ ఆ జట్టు లేదు.