రక్తపుబొట్టులో పొట్టేలు జాతకం!

మందలో ఏ పొట్టేలును విత్తనానికి ఉంచుకోవాలి? దేన్ని సంతకు తోలాలి? ఓ రక్తపుబొట్టే ఆ సంగతి చెప్పేస్తే ఎంత బాగుణ్ణు! శాస్త్రవేత్తలూ అలాగే ఆశపడ్డారు. చివరికి ఏం తేలిందంటే...

గొర్రెల పెంపకంలో పొట్టేలు ఎంపిక ఆషామాషీ వ్యవహారం కాదు. పాతిక, ముప్ఫై తల్లిగొర్రెలకు ఒక్క పొట్టేలే. పుట్టే ప్రతి పిల్లలోనూ సగం వారసత్వం దానిదే. ఎంపిక తప్పిందా... మందంతా ఆ నష్టం మోయాల్సిందే. పోనీ, పుట్టగానే చూసి ఏది బాగా ఎదుగుతుందో చెప్పగలమా అంటే అదీ కష్టమే. అందుకే పరిశోధకుల చూపు రక్తం మీద పడింది.

గంజి చేసిన మేలు

1955లో హారిస్, వారెన్ అనే శాస్త్రవేత్తలు గొర్రెలన్నింటిలోనూ హిమోగ్లోబిన్ ఒకేలా లేదని కనిపెట్టారు. విద్యుత్తు ప్రవాహంలో ఉంచితే ఒక రకం వేగంగా కదిలింది, మరొకటి నెమ్మదిగా. వాటికే ‘ఏ’, ‘బీ’ అని పేర్లు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి మరొకటి వస్తే పిల్లలో రెండూ కనిపిస్తాయి.

అదే ఏడాది టొరంటోలో ఆలివర్ స్మితీస్ బంగాళాదుంప గంజిని గడ్డకట్టించి, అందులో రక్తంలోని ప్రొటీన్లను విడదీసే పద్ధతిని ప్రకటించాడు. చిన్నప్పుడు అమ్మ చొక్కాలకు పెట్టే గంజి చల్లారి గడ్డకట్టడం గుర్తొచ్చి ఆ ఆలోచన తట్టిందట! (తర్వాత 2007లో మరో పరిశోధనకు ఆయన్ని నోబెల్ వరించింది.) ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌లోనూ గొర్రెల్లో ఎన్నో రకాలున్నాయని అలాగే తేలింది.

ఓ మందలో అవును... మరో మందలో కాదు

‘ఏ’ రకం హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. నట్టలు రక్తం పీల్చి గొర్రె పాలిపోతే, ‘ఏ’ రకం ఉన్నవి ‘సీ’ అనే మరో రకాన్ని తయారుచేసుకుంటాయి. ‘బీ’ ఒక్కటే ఉన్నవాటికి ఆ వెసులుబాటు లేదు. మరి ఎదుగుదలలోనూ తేడా ఉండాలిగా?

పిల్లల్ని పుట్టినప్పుడు, పాలు మాన్పించినప్పుడు తూచి చూశారు. ఓ మందలో ఒక రకానిది పైచేయి. మరో జాతిలో ఇంకోదానిది. చాలాచోట్ల అసలు తేడానే లేదు!

కారణం ఉంది. ఎదుగుదల ఒక్క జన్యువు పని కాదు. మేత, తల్లి పాలు, ఒంటరి పిల్లా కవలా... అన్నీ లెక్కే. పైగా బాగా ఎదిగే పొట్టేలు ఒకటి మందలో ఉంటే, దాని పిల్లలకు బరువూ వస్తుంది, దాని రక్తం రకమూ వస్తుంది. చూసేవాళ్లకు ఆ రకమే బరువు పెంచినట్టు అనిపిస్తుంది!

అలాగని శ్రమ వృథా కాలేదు. తల్లిదండ్రులిద్దరిలోనూ లేని రకం పిల్లలో కనిపిస్తే తండ్రి వేరని తేల్చడానికి ఈ పరీక్షే అక్కరకొచ్చింది. ఆ పని ఇప్పుడు డీఎన్ఏ చేస్తోంది. కండ పెరుగుదలకు కళ్లెం వేసే ప్రొటీన్ మయోస్టాటిన్. టెక్సెల్ జాతి గొర్రెల కండపుష్టి వెనక ఆ జన్యువులోని చిన్న మార్పు ఉందని 2006లో బయటపడింది.

మరి మన నెల్లూరు గొర్రెల కాపరి ఏం చేయాలి? చెవిపోగు, కాటా, ఓ నోటుపుస్తకం చాలు. పుట్టిన తేదీ, తల్లి, మూడు, ఆరు నెలల బరువులు రాసుకోవాలి. ముఖ్యంగా, అందరికన్నా ముందు ఎదిగిన పిల్లనే మంచి ధర వచ్చిందని అమ్మేసుకోకూడదు. అది వెళ్లిపోతే మందలో మిగిలేది దాని తర్వాతివే మరి!