నీళ్లున్నా నగరం ఎందుకు కాలిపోయింది? పాత ఫైర్ హైడ్రెంట్ల కథ ఇదీ

అమెరికాలోని అగ్నిమాపక మ్యూజియాల్లో పాత ఫైర్ హైడ్రెంట్లను భద్రపరిచారు. చూడటానికి మామూలు ఇనుప దిమ్మెలే. కానీ గొట్టం బిగించే చోట ఉండే మర చుట్ల వెనుక పెద్ద కథే ఉంది.

హైడ్రెంట్‌కు ‘ఫైర్ ప్లగ్’ అనే పేరెందుకు?

17వ శతాబ్దపు లండన్‌లో మధ్యలో తొలిచిన చెట్టు దుంగలే నీటి పైపులు. ఎక్కడైనా నిప్పంటుకుంటే నేల తవ్వి, దుంగకు కన్నం పెట్టి నీళ్లు తీసుకునేవారు. పనయ్యాక చెక్క బిరడా కొట్టి మూసేవారు. ఆ బిరడాయే ‘ప్లగ్’.

కనిపెట్టిందెవరు?

ఫిలడెల్ఫియా నీటి సరఫరా విభాగం ఇంజినీర్ ఫ్రెడరిక్ గ్రాఫ్ 1801లో స్తంభం ఆకారపు హైడ్రెంట్‌ను రూపొందించారని చెబుతారు. అయితే దాని పేటెంట్ పత్రం లేదు. 1836లో వాషింగ్టన్‌లోని పేటెంట్ ఆఫీసు తగలబడినప్పుడు అదీ కాలిపోయిందంటారు. మంటలార్పే పరికరం రికార్డు మంటల్లోనే పోయిందన్నమాట!

లోపల ఎలా పనిచేస్తుంది?

చలి ప్రాంతాల్లో వాల్వ్‌ను భూమిలో లోతుగా అమరుస్తారు. వాల్వ్ మూయగానే పైభాగంలోని నీరు కిందికి జారిపోతుంది. దాంతో నీళ్లు గడ్డకట్టి స్తంభం పగిలే ప్రమాదం ఉండదు.

బాల్టిమోర్‌లో ఏం జరిగింది?

1904 ఫిబ్రవరి 7న బాల్టిమోర్‌లో మంటలు చెలరేగాయి. సాయానికి వాషింగ్టన్ సహా పలు నగరాల సిబ్బంది వచ్చారు. కానీ చాలామంది తెచ్చిన గొట్టాలు అక్కడి హైడ్రెంట్లకు సరిపోలేదు. ఒక్కో ఊరిది ఒక్కో కొలత మరి. దాదాపు 30 గంటల్లో 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. దేశంలో 600కు పైగా రకాల కప్లింగ్‌లు ఉన్నట్టు తర్వాతి పరిశీలనలో తేలింది. 1905లో జాతీయ ప్రమాణం వచ్చినా, పాత హైడ్రెంట్లను మార్చడం ఖర్చుతో కూడిన పని కావడంతో అమలు నెమ్మదిగానే సాగింది.

మన దగ్గర?

ఫైర్ హోస్ కప్లింగ్‌లకు ఐఎస్ 903 ప్రమాణం ఉంది. ఎక్కువగా వాడేది 63 మిల్లీమీటర్ల రకం. దీన్ని మర తిప్పి బిగించక్కర్లేదు, నెడితే చాలు పట్టేస్తుంది.

మీరేం చూడాలి?

మీ అపార్ట్‌మెంట్‌లోని హైడ్రెంట్‌కు అడ్డంగా వాహనాలు పెట్టకండి. మూత, వాల్వ్ తేలిగ్గా తిరుగుతున్నాయా, లైన్‌లో నీళ్లున్నాయా అన్నది అసోసియేషన్‌ను అడగండి. అగ్నిప్రమాదం జరిగితే 101 లేదా 112కు ఫోన్ చేయండి.