గోల్స్ లెక్క సరే... జీతాల లెక్కో?

2019 ఆగస్టు 27. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కి ఆనుకుని ఉండే బరీ అనే ఊళ్లో ఫుట్‌బాల్ అభిమానులు చీపుళ్లు, బకెట్లు పట్టుకుని స్టేడియానికి వచ్చారు. గిగ్ లేన్ ఆ స్టేడియం పేరు. కుర్చీలు తుడిచారు, మెట్లు ఊడ్చారు, చెత్త ఎత్తారు. జీతం లేదు, భత్యం లేదు. క్లబ్బుని ఎవరో కొనబోతున్నారట, శనివారం మ్యాచ్ జరుగుతుందట అన్న ఆశ ఒక్కటే వాళ్లను అక్కడికి రప్పించింది. కొంటామన్న కంపెనీ ఆ రోజే వెనక్కి తగ్గింది. రాత్రికల్లా లీగ్ ప్రకటన వచ్చింది: బరీ ఫుట్‌బాల్ క్లబ్బును బహిష్కరించాం అని. 1885లో పుట్టిన క్లబ్బు అది. ఎఫ్‌ఏ కప్ రెండుసార్లు గెలిచింది. అంతకు నాలుగు నెలల ముందే పై డివిజన్‌కి ప్రమోషన్ కూడా సాధించింది.

ఒక్కసారి ఆలోచించండి. గెలుస్తున్న జట్టు ఎలా మూతపడుతుంది?

ఫుట్‌బాల్ మీద మీకు పెద్దగా ఆసక్తి లేకపోయినా ఓ పది నిమిషాలు నాతో ఉండండి. ఈ కథలో గోల్స్ కంటే జీతాలు, అప్పులు, కాంట్రాక్టులే ఎక్కువ. బీటెక్ నాలుగేళ్లూ హాస్టల్లో ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్ ఆడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎక్సెటర్ సిటీ అనే బుల్లి క్లబ్బును ఛాంపియన్స్ లీగ్ దాకా తీసుకెళ్లా (మా రూమ్‌మేట్ ఇప్పటికీ నమ్మడు). అన్ని సీజన్లలో ఫైనాన్స్ అన్న ట్యాబ్ నొక్కింది మాత్రం మహా అయితే నాలుగుసార్లు. నా మొదటి ఉద్యోగాల్లోనూ ఇదే చేశా. అది తర్వాత చెప్తా.

90 రూపాయలకు ఒక క్లబ్బు

2018 డిసెంబర్‌లో బరీ క్లబ్బు చేతులు మారింది. ధర 1 పౌండ్. అప్పటి లెక్కన దాదాపు 90 రూపాయలు, మన దగ్గర బిర్యానీ కూడా రాదు. అంత చవకగా ఎందుకిచ్చారు అంటే, కొన్నవాడికి క్లబ్బుతో పాటు దాని అప్పులూ వచ్చాయి కాబట్టి. స్టేడియం అప్పటికే తాకట్టులో ఉంది. పాత యాజమాన్యం హయాంలో స్టేడియం కార్ పార్కింగ్ స్థలాలను కూడా బయటివాళ్లకు పెట్టుబడి పథకంగా అమ్మారు. కొత్త యజమాని అయితే బరీ అనే ఫుట్‌బాల్ జట్టు ఒకటుందని తనకు తెలియనే తెలియదని తర్వాత రేడియోలో చెప్పాడు. ఆ మాట విన్న అభిమానులకు ఎలా ఉండి ఉంటుందో!

వసంతం వచ్చేసరికి జీతాలు ఆగిపోయాయి. ఆ జీతాల్లేని ఆటగాళ్లే ఏప్రిల్ చివర్లో ప్రమోషన్ తెచ్చారు. ఊరంతా పండగ చేసుకుంది.

ఇక్కడ నియమాల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో నాలుగో స్థాయి అయిన లీగ్ టూలో క్లబ్బులు తమ టర్నోవర్‌లో సగానికి మించి ఆటగాళ్ల జీతాలకు ఖర్చు పెట్టకూడదని అప్పట్లో ఒక పరిమితి ఉండేది. వినడానికి గట్టి నియమమే. అయితే యజమాని తన జేబులోంచి వాటాగానో విరాళంగానో వేసే డబ్బు కూడా టర్నోవర్ కిందే లెక్క. అంటే యజమాని 'నేను వేస్తా' అంటే చాలు, క్లబ్బు తన తాహతుకు మించి జట్టును కట్టొచ్చు. ఆయన వేయడం మానేసిన నెల నుంచి? కాంట్రాక్టులు మాత్రం అలాగే ఉంటాయి. ఒప్పుకున్న జీతం ప్రతి నెలా ఇవ్వాల్సిందే.

జట్టు గెలుస్తున్నప్పుడు "ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తోంది?" అని అడిగే అభిమాని ఏ క్లబ్బులోనైనా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లను మిగతావాళ్లు ఎలా చూస్తారో మీకు తెలుసు. పెళ్లి భోజనంలో ఖర్చెంతైందని అడిగిన బాబాయిని చూసినట్టు!

క్లబ్బు కష్టాల్లో పడ్డాక అప్పులవాళ్లతో ఒప్పందం కుదుర్చుకోవాల్సి వచ్చింది. ఇంగ్లిష్ ఫుట్‌బాల్లో ఒక వింత నియమం ఉంది. ఆటగాళ్లకు, ఇతర క్లబ్బులకు బాకీ ఉన్నది మొత్తం చెల్లించాలి. మిగతావాళ్లు, అంటే మైదానానికి సామాన్లు సప్లై చేసిన చిన్న వ్యాపారి, టికెట్లు అచ్చేసిన ప్రెస్ లాంటివాళ్లు, కొంత భాగంతో సరిపెట్టుకోవాలి. బరీ ఒప్పందంలో వాళ్లకు దక్కేది పౌండుకు 25 పెన్నీలు, అంటే పావు వంతు. ఇలాంటి క్లబ్బుల విషయంలో అభిమానుల వాదనలు వేడెక్కేది ఇక్కడే. తాము గెలుపు చూసి ఈలలు వేసిన ఆ సీజన్ ఖర్చును మోసింది పక్క వీధి షాపువాడు.

ఓటు వేసి మేనేజర్‌కు నోటీసు

ఇప్పుడు నా గేమ్ క్లబ్బు ఎక్సెటర్ సిటీ దగ్గరకు వద్దాం. ఇది ఇంగ్లండ్ నైరుతి మూలన ఉంటుంది. దీని కథ బరీ కంటే విచిత్రం. 2002లో క్లబ్బును నడిపినవాళ్లు చూపుతో చెంచాలు వంచుతానని చెప్పుకునే యూరీ గెల్లర్‌ను కో-ఛైర్మన్‌గా పెట్టారు. ఆయన పిలిస్తే మైకేల్ జాక్సన్ ఏకంగా స్టేడియానికే వచ్చాడు. నిజంగానే వచ్చాడు! మరుసటి ఏడాది క్లబ్బు లీగ్ నుంచి కింద పడింది, అప్పులు బయటపడ్డాయి, నడిపిన ఇద్దరూ తర్వాత కోర్టులో దోషులుగా తేలారు.

అప్పుడు అభిమానుల ట్రస్టు ముందుకొచ్చి 2003లో క్లబ్బును చేతిలోకి తీసుకుంది. ఒక సభ్యుడికి ఒక ఓటు. నెలకు రెండు పౌండ్ల స్థాయి చందా. 2005 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో డ్రా తీస్తే మాంచెస్టర్ యునైటెడ్ తగిలింది. ఐదో స్థాయి జట్టు ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 67,551 మంది ముందు 0-0తో నిలబడింది. మ్యాచ్ మళ్లీ ఎక్సెటర్‌లో జరిగింది, 2-0తో ఓడిపోయారు. అయినా టికెట్ల ఆదాయంలో వాటా, టీవీ డబ్బు కలిపి పాత అప్పుల ఒప్పందాన్ని తీర్చేసుకున్నారు. లాటరీ తగలడం లాంటిదే. ఇంకొకరైతే ఆ డబ్బుతో ఒక స్ట్రైకర్‌ను కొనేవారు.

కాబట్టి అభిమానులు నడిపితే అంతా సాఫీ అనుకుంటున్నారా? 2014లో ఇదే ఎక్సెటర్ జీతాలివ్వడానికి ఆటగాళ్ల సంఘం దగ్గర అప్పు చేసింది. ఆ అప్పు వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. ట్రస్టు వాళ్లయినా ఖాతాలో డబ్బు లేకపోతే లేనట్టే.

నాకు బాగా నచ్చిన ఘట్టం 2016 నవంబర్‌ది. పాల్ టిస్‌డేల్ అప్పటికి పదేళ్లుగా మేనేజర్. క్లబ్బును ఐదో స్థాయి నుంచి మూడో స్థాయికి రెండేళ్లలో తీసుకెళ్లినవాడు. ఆయనది రెండేళ్ల 'రోలింగ్' కాంట్రాక్టు. అంటే ఏ రోజు చూసినా ఇంకా రెండేళ్లు మిగిలే ఉంటాయి. తీసేయాలంటే రెండేళ్ల జీతం చేతిలో పెట్టి పంపాలి. మన ఐటీవాళ్లు 90 రోజుల నోటీస్ పీరియడ్‌కే గోల పెడతాం కదా, కంపెనీ వైపు నుంచి అదే 730 రోజులైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జట్టేమో లీగ్ టూ అట్టడుగున ఉంది. ట్రస్టు సభ్యులు ఓటు వేశారు: ఆయనకు కాంట్రాక్టు ముగింపు నోటీసు ఇవ్వండి అని.

గమనించండి, ఉద్యోగం తీసేయమని కాదు. రోలింగ్ ఆపమని మాత్రమే. గడియారం ఇకపై కిందికి నడుస్తుంది, అంతే. ఆ పని చేయడానికి నెలల తరబడి వాదించుకున్నారు. ఇన్నేళ్లు క్లబ్బును నిలబెట్టిన మనిషికి ఇదా మర్యాద అన్నవాళ్లు ఒకవైపు, రేపు తీసేయాల్సి వస్తే అంత డబ్బు ఎక్కడిది అన్నవాళ్లు ఒకవైపు. నా ఉద్దేశంలో ఇద్దరిదీ న్యాయమే. తర్వాత ఏమైందంటే, ఆ సీజన్లోనే జట్టు అట్టడుగు నుంచి లేచి వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ ఆడింది. మరుసటి ఏడాదీ ఆడింది. రెండూ ఓడింది. 2018లో టిస్‌డేల్ వేరే క్లబ్బుకు వెళ్లిపోయాడు. ఎవరు గెలిచినట్టు? మీరే చెప్పండి.

ఇక క్లబ్బు బతికేది దేనిమీద అంటే, పిల్లల్ని పెంచి అమ్మడం మీద. ఆలీ వాట్కిన్స్ అక్కడ పెరిగినవాడే. 2017లో బ్రెంట్‌ఫర్డ్‌కు అమ్మినప్పుడు, తిరిగి అమ్మితే మాకూ వాటా అని కాగితం మీద రాయించుకున్నారు. 2020లో ఆస్టన్ విల్లా అతన్ని 2.8 కోట్ల పౌండ్లకు కొంది. ఎక్సెటర్‌కు ఒక్క బంతి తన్నకుండానే మిలియన్లు వచ్చాయి. ఒక్క క్లాజ్!

63 శాతం చాలలేదు

మళ్లీ బరీకి. క్లబ్బు పోయాక కొందరు అభిమానులు బరీ ఏఎఫ్‌సీ అని కొత్తది పెట్టుకున్నారు. పక్క ఊరు ర్యాడ్‌క్లిఫ్‌లో అద్దె మైదానం, అప్పు లేదు, సభ్యుల ఓటు. ఇంకో వర్గం మాత్రం గిగ్ లేన్‌ను వదల్లేదు. ప్రభుత్వ సాయం, దాతల డబ్బు కలిపి 2022లో స్టేడియాన్ని కొనేసింది. ఒకళ్ల దగ్గర జట్టుంది, ఇంకొకళ్ల దగ్గర మైదానం ఉంది. కలిసిపోతే అయిపోతుంది కదా అనిపిస్తుంది.

అవలేదు. 2022 అక్టోబర్‌లో రెండు సంఘాలూ విడివిడిగా ఓటు వేశాయి. స్టేడియం వైపు సంఘం భారీగా అవునంది. జట్టు వైపు సంఘంలో 63 శాతం అవునన్నారు, కావాల్సింది 66. మూడు శాతం తేడాతో ఆగిపోయింది.

బయటినుంచి చూస్తే మొండితనం అనిపిస్తుంది. వాళ్ల వైపు నుంచి చూడండి. ఒకసారి అంతా పోగొట్టుకున్నారు. చిన్నదైనా బాకీ లేని క్లబ్బును సొంత చేతులతో కట్టుకున్నారు. ఇప్పుడు ఒక పాత స్టేడియాన్ని నెత్తిన పెట్టుకుంటే మరమ్మతులు, కరెంటు, ఇన్సూరెన్స్ ఎవరు భరిస్తారు? స్టేడియం కంపెనీ బోర్డులో మా ఓటు ఎంత? అవతలివాళ్ల వాదనా తక్కువ కాదు: గిగ్ లేన్ లేకుండా బరీ ఏంటి, మా తాతలు నిలబడ్డ మెట్లవి. చివరికి 2023లో మరోసారి ఓటు పెట్టి ఈసారి దాటించారు. తొమ్మిదో స్థాయిలో, గిగ్ లేన్‌లో, పాత పేరుతో మళ్లీ ఆట మొదలైంది. ఆ స్థాయి మ్యాచ్‌కు సగటున 3 వేల మందికి పైగా వచ్చారు. 2025లో ఎనిమిదో స్థాయికి ఎక్కారు. అదే ఏడాది జులైలో ఫుట్‌బాల్ క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలపై ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టే చట్టం బ్రిటన్‌లో వచ్చింది. దాని వెనక బరీ పేరు చాలాసార్లు వినిపించింది.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అనుకోకండి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చింది. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం, సీజన్ మధ్యలో వెళ్లిపోయిన ఆటగాళ్లు. 2023-24లో పట్టికలో అట్టడుగు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి గ్యాలరీలో డప్పు కొట్టిన కుర్రాళ్లకు ఓటు లేదు. ఎక్సెటర్ అభిమానికి నెలకు రెండు పౌండ్లతో దొరికింది వాళ్లకు ఏ టికెట్‌తోనూ రాలేదు.

ఓటు లేకపోయినా చూసే దారి మాత్రం ఒకటుంది. బ్రిటన్‌లో కంపెనీల లెక్కలు కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి ఉచితం. మన దగ్గర కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ, అదే ఎంసీఏ పోర్టల్‌లో ఒక కంపెనీ దాఖలు చేసిన పత్రాలను 100 రూపాయలు కట్టి ఎవరైనా చూడొచ్చు. క్లబ్బైనా, స్టార్టప్ అయినా, ప్రైవేట్ లిమిటెడ్ అయితే అంతే.

నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. నా రెండో ఉద్యోగం మాదాపూర్‌లో ఓ చిన్న స్టార్టప్. బీన్ బ్యాగులు, ఫ్రీ లంచ్, గోడ మీద ఫూస్‌బాల్ లీగ్ పట్టిక. మూడో నెల నుంచి జీతం పదో తారీఖుకి, తర్వాత ఇరవైకి, తర్వాత 'ఫండింగ్ వస్తోంది' అన్న మెయిల్‌కి జరిగింది. మూడు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. సీఏ చదివే నా ఫ్రెండ్ ఒకడు ఓ ఆదివారం పోర్టల్ తెరిచి చూపించాడు. నేను చేరడానికి ఏడాది ముందే ఆడిటర్ రాసిన నోట్ ఉంది: సంస్థ ఇలాగే కొనసాగగలదా అన్నదానిపై గణనీయమైన సందేహం ఉందని. ఆస్తుల మీద బ్యాంకు తాకట్టు కూడా అందులోనే ఉంది. "ఇంటర్వ్యూకి అల్గారిథమ్స్ మూడు నెలలు చదివావు కదరా, ఇది మూడు పేజీలు" అన్నాడు. ఏం మాట్లాడతాం!

అందుకే మీరు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు చూడమంటున్నా. మొత్తం అర్థం కావాల్సిన పని లేదు. జీతాల ఖర్చు ఆదాయంలో ఎంత భాగమో చూడండి. యజమానులు అప్పుగా వేసిన డబ్బు ఎంతో చూడండి, అది ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. ఆడిటర్ రిపోర్టులో 'అయితే' అని మొదలయ్యే పేరా ఎక్కడుందో వెతకండి. ఇక లెక్కలు గడువు దాటినా దాఖలు చేయకపోతే, అదే ఒక సమాధానం. బరీకి కూడా లెక్కలు ఆలస్యమైన రోజులున్నాయి.

పోయిన నెల నాకో కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ప్యాకేజీ బాగుంది. వంద కట్టి చూశా. కిందటి ఏడాది బ్యాలెన్స్ షీట్ ఇంకా పడలేదు. హెచ్‌ఆర్ మేడమ్‌కి ఫోన్ చేసి మర్యాదగానే అడిగా. కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదండీ, ఫైనాన్స్ వాళ్లను కనుక్కుని చెప్తాను" అన్నారు.

ఇంకా ఫోన్ రాలేదు.