సగం ఫొటో కింద బూడిద రంగు ఎందుకు?

డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిన జేపెగ్ ఫొటో పైభాగం చక్కగా కనబడి, కింది భాగం బూడిద రంగులో మిగలడం చాలామంది పిల్లలు చూసే ఉంటారు. ఇలాంటి ఫొటోలను తెరవడానికి వాడే, 1991లో వెలువడిన లిబ్‌జేపెగ్ అనే ప్రోగ్రాముల సంపుటి, రోట్లో పప్పును గుప్పెడు గుప్పెడుగా వేసి రుబ్బినట్లే, ఫైలు నుంచి విడతకు 4096 బైట్లను, అంటే 0 నుంచి 255 దాకా ఉండే చిన్న సంఖ్యలను, బఫర్ అనే తాత్కాలిక స్థలంలోకి తెచ్చుకుని, అవి అయిపోగానే మళ్లీ అడుగుతుంది. ఫైలు చివర 255, 217 అనే జంట ముగింపు గుర్తుగా ఉండాలి. అది రాకముందే సంఖ్యలు నిలిచిపోతే, లిబ్‌జేపెగ్ ఒక హెచ్చరిక ఇచ్చి, ఆ జంటను తానే బఫర్‌లో చేర్చి, ఫొటోలో సంఖ్యలు అందని గడులన్నింటినీ సున్నాలతో నింపుతుంది. చేతికందిన సగాన్నైనా పారేయకుండా చూపించే ఈ ఏర్పాటు నిజంగా మెచ్చదగినది. అయితే జేపెగ్ లెక్కలో సున్నా అంటే నలుపు కాదు, వెలుగు కొలతలో నడిమిదైన 128. రంగేమీ కలవని ఆ నడిమి వెలుగే కంటికి బూడిద రంగుగా కనబడుతుంది.