మీకు తెలుసా? మూడు మీటర్ల రోడ్డు మీద ఎంతమంది పడతారో

● రోడ్డులో ఒక వరుస వెడల్పు సుమారు మూడు మీటర్లు అనుకుందాం. దాన్ని సొంత బళ్లకే వదిలేస్తే గంటలో దాటేది 600 నుంచి 1,600 మంది. బస్సులకు మాత్రమే ఇస్తే 4,000 నుంచి 8,000 మంది, సైకిళ్లకిస్తే 7,500 మంది దాకా వెళ్తారు. ఫుట్‌పాత్‌గా ఉంచితే 9,000 మంది నడిచిపోవచ్చు. ఇది అమెరికాలోని నగర రవాణా అధికారుల సంఘం వేసిన లెక్క. రోడ్డు వెడల్పు పేరుతో ఫుట్‌పాత్‌ను కోసేసినప్పుడల్లా మనం పోగొట్టుకుంటున్నది సొంత బళ్ల వరుస కంటే ఎన్నో రెట్లు ఎక్కువమందిని మోసే జాగానే.

● ఈ సంగతి మన ప్రభుత్వాలకు తెలియనిది కాదు. రోడ్డు జాగాను వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది.

● రోడ్డు పెంచితే రద్దీ తగ్గుతుందా? హ్యూస్టన్‌లో ఉండే తెలుగువాళ్లకు కేటీ ఫ్రీవే బాగా తెలుసు. 2008 నాటికి దాన్ని ఎంత పెంచారంటే, సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలయ్యాయి. అయినా 2011, 2014 మధ్య సాయంత్రం రద్దీవేళ ప్రయాణానికి పట్టే సమయం సగానికి పైగా పెరిగింది. రోడ్డు ఖాళీగా ఉందనగానే వేరే దారిన పోయేవాళ్లు ఇటు తిరుగుతారు, బస్సెక్కేవాళ్లు కారు తీస్తారు, కొన్నాళ్లకు ఊరి చివర కొత్త కాలనీలూ లేస్తాయి. రోడ్డు పెంచినా రద్దీ తగ్గదని ఆంథనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే రాశాడు.

● దీనికి పూర్తి విరుద్ధంగా సియోల్ కథ ఉంది. నగరం నడిబొడ్డున వాగు మీద కట్టిన ఎత్తైన రహదారిని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా 5.8 కిలోమీటర్ల మేర నీటి ఒడ్డున నడకదారి తీర్చారు. కూల్చి ఊరుకోలేదు. 2004 జులైలో సిటీ బస్సుల మార్గాలన్నీ మార్చి, పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకే ప్రత్యేక వరుసలు పెంచారు. ఫ్లైఓవర్ శిలాఫలకాల ముందు ఫొటోలు దిగే మన నాయకులు ఒకసారి చూసి రావాల్సిన ఊరు.

● నెదర్లాండ్స్ వాళ్లు మొదటి నుంచీ సైకిల్‌ను కాపాడుకున్నారనుకుంటాం. నిజానికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లూ కార్ల వెంట పడ్డారు. 1971 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి కూర్చున్నారు. ఈనాటి సైకిల్ దారులు ఆ దుఃఖంలోంచి వచ్చినవే.

● హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్‌లో తెరిచారు. పైకప్పు మీది సోలార్ పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. చక్కటి పని, తెల్లవారుజామున వ్యాయామానికి వచ్చేవాళ్లకు వరం. పేపరు వేసే కుర్రాడికీ, సైకిల్ మీద పనికెళ్లే వాచ్‌మన్‌కూ మాత్రం ఇలాంటి దారి ఊరి లోపల కావాలి.

● ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. అడ్డంకి లేకుండా నడిచే జాగా కనీసం 1.8 మీటర్లుండాలి. ఇక మన వీధిలో చూడండి: మోకాలెత్తు అంచు, ఎక్కగానే ట్రాన్స్‌ఫార్మర్ కంచె, నాలుగడుగులేస్తే బైకులు ఎక్కించుకోవడానికి షాపువాళ్లు పోసుకున్న సిమెంటు ర్యాంపు, ఆ పక్కనే పగిలిన డ్రైనేజీ మూత. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ దాన్ని ఎక్కలేదు. బస్సుల పక్కనే, రోడ్డు మీదే నడుస్తుంది.

● రోడ్డు దాటేవాళ్లు సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారనుకుని సిగ్నల్ సమయం లెక్కేయడం రివాజు. అంటే 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. చేతికర్రతో సెకనుకు 0.8 మీటర్లు నడిచే పెద్దాయనకు ఆ 20 సెకన్లూ అయిపోయేసరికి ఇంకా ఎనిమిది మీటర్లు మిగిలే ఉంటుంది. హైదరాబాద్‌లో చాలా కూడళ్లలో ఆ కాస్త వ్యవధీ లేదు. సిగ్నళ్లు తీసేసి యూ-టర్న్‌లు పెట్టారు, బళ్లు ఆగవు. దాటాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కమంటారు. ఇంజనున్న బండి చదునుగా పోతుంటే కాళ్లనొప్పులున్న మనిషి మెట్లెక్కడం ఏం న్యాయం?

● సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర ముందు వెళ్లే హక్కు నడిచేవాళ్లదే. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఆ మాట రాశారు. ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదన్నదీ అందులోనిదే. నడవడానికి వీలైన ఫుట్‌పాత్ పౌరుల జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

● చెన్నై టీ నగర్‌లో, మన పిట్టి త్యాగరాయ శెట్టి పేరున్న రోడ్డునే పాండీ బజార్ అంటాం. పండక్కి చీరలు కొనడానికి నెల్లూరు, తిరుపతి నుంచి ఎందరో వెళ్లే చోటు. 2019 నవంబర్‌లో అక్కడ బళ్ల జాగా తగ్గించి, రెండు వైపులా వెడల్పాటి నడకదారులు వేసి, కూర్చోవడానికి బల్లలు పెట్టారు. కార్లను పూర్తిగా ఆపలేదు, అవి పక్కనుంచి మెల్లగా పోతుంటాయి. ఇలాంటి పని మొదలుపెట్టడానికి విజయవాడ బీసెంట్ రోడ్డు కంటే మంచి చోటు నాకు కనబడదు. అక్కడ జనం ఇప్పటికే నడుస్తున్నారు, కావాల్సింది దారి ఒక్కటే.