పచ్చదీపం చెప్పని సంగతి

తెల్లవారుజామున బషీర్‌బాగ్ చౌరస్తాలో పాలపాకెట్టు కొనే ఇల్లాలికి మన సంఘం పేరు తెలియదు. పాలు విరగకుండా ఉంటే చాలు. అందుకు ఊళ్ళోని బల్క్ కూలర్ వద్ద ఉండే ఆపరేటరు జాగ్రత్తపడాలి. అతనికి సమాచారమిచ్చేది కంట్రోల్ ప్యానెల్. కనుక అది ఎట్లుండాలో సభ్యులందరూ తెలిసికొనుట అవసరం.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ఒక రాత్రి ట్యాంకెడు పాలు పులిసిపోయాయి. తెల్లవార్లూ పచ్చదీపం వెలుగుతూనే ఉన్నదని ఆపరేటరు చెప్పాడు. మేము నమ్మక, "అశ్రద్ధ" అని నివేదికలో వ్రాశాము. తరువాత మెకానిక్ పరీక్షించగా కూలరులో గ్యాసు కారిపోయినట్లు తేలింది. కంప్రెసరుకు కరెంటు అందుతున్నదని మాత్రమే ఆ దీపం చెప్పింది. పాలు చల్లబడుతున్నవని కాదు. థర్మామీటరేమో ట్యాంకు వెనుక, గోడవైపు ఉన్నది. తప్పు ఆపరేటరుది కాదని గ్రహించి నివేదిక సవరించాము.

పెద్ద కర్మాగారాలలోనూ ఇంతే. అమెరికాలో 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకొనలేదు. కాని మూసుకొమ్మని ఆదేశం వెళ్ళగానే దీపం ఆరిపోయే ఏర్పాటు ఉండుటచే, వాల్వు మూసుకున్నదని ఆపరేటర్లు తలచారు. వందకు పైగా హెచ్చరికలు వచ్చిపడగా ఏది ముఖ్యమో తెలియలేదు. రెండు గంటలకు పైగా నీరు పోయి, రియాక్టరు ఇంధనంలో దాదాపు సగం కరిగింది.

డెయిరీలో పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు ఉంచి పాశ్చరైజ్ చేస్తారు. వేడి తగ్గితే మళ్ళింపు వాల్వు పాలను వెనక్కు పంపుతుంది. అక్కడి దీపం కూడా వాల్వు నిజంగా మళ్ళినదీ లేనిదీ చూపాలి.

కూలరు ప్యానెల్ విషయమై సంఘాలు గమనించవలసినవి:

1. పాల ఉష్ణోగ్రత కంటి ఎత్తున, పెద్ద అంకెలలో కనిపించాలి. చేరవలసిన 4 డిగ్రీల వద్ద గుర్తు ఉండాలి.

2. పాలు కలిపే అజిటేటరు తిరుగుతున్నదీ లేనిదీ తెలియాలి. అది ఆగితే అడుగున చల్లగా, పైన వెచ్చగా ఉండి, ఒక్కచోటి అంకె మోసపుచ్చుతుంది.

3. మీటల పేర్లు తెలుగులో ఉండాలి.

4. ఆపరేటరు వెంటనే చేయవలసిన పని ఉన్నప్పుడే గంట మ్రోగాలి. ఊరక మ్రోగే గంటను ఎవరూ లెక్కచేయరు.

5. అరగంటకొకసారి ఉష్ణోగ్రత పుస్తకంలో వ్రాయాలి. అంకె దిగకుంటే, దీపం ఏ రంగున ఉన్నా మెకానిక్‌కు కబురు చేయాలి.

కొత్త ప్యానెల్ కొనుటకు తీర్మానించే ముందు, రాత్రివేళ తనకు ముందుగా ఏమి తెలియాలో పాలకవర్గం ఆపరేటరునే పిలిచి అడుగగలరు.